చిన్న ఎస్‌పీఐ తెరకి డీఆర్‌ఎం డ్రైవర్: కన్సోల్ వస్తోంది, రంగులు తేడా, పానిక్ మాత్రం కనబడదు

నల్లమల_నోడ్

అందరికీ నమస్కారం. ఒక ఫ్యాక్టరీ కంట్రోలర్ బాక్సుకి లినక్స్‌లో డిస్‌ప్లే డ్రైవర్ రాస్తున్నాను. తెర 320×240, ఎస్‌పీఐ (చిప్‌ల మధ్య ఒక్కో బిట్‌గా డేటా పంపే బస్సు) మీద 32 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది. దాని కంట్రోలర్ చిప్ ఐఎల్‌ఐ9341 అని చెప్పి అమ్మారు గానీ అది క్లోన్ చిప్. డేటాషీట్‌లో ఉన్న వరుసలో కమాండ్లు పంపితే తెర తెల్లగా వెలిగి అలాగే ఉండిపోతుంది. అందుకే కెర్నల్‌లో ఉన్న డీఆర్‌ఎం (కెర్నల్‌లో గ్రాఫిక్స్ చూసుకునే భాగం) డ్రైవర్‌ని చూస్తూ సొంతంగా ఒకటి మొదలుపెట్టాను.

లాగిన్ ప్రాంప్ట్ తెర మీదకి వచ్చింది. ఆ సంతోషం కాసేపే. మామూలు బూడిద రంగు అక్షరాలు ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. నలుపు నల్లగానే ఉంది, మెరుపు తెలుపు తెల్లగానే ఉంది. డీమెసేజ్ (కెర్నల్ లాగు చూపే కమాండ్) కొడితే వరుసలు కుదుపులతో జరుగుతున్నాయి, మధ్యలో తెర చిరిగినట్టు కనిపిస్తోంది. అసలు టెన్షన్ మూడోది. సిస్‌ఆర్‌క్యూ కీతో కావాలని కెర్నల్‌ని పడగొడితే పానిక్ మెసేజ్ (కెర్నల్ కోలుకోలేక ఆగిపోతూ చెప్పే చివరి మాట) తెర మీదకి రాదు, అంతకుముందున్న వరుసలే ఉంటాయి. సీరియల్ వైరు తగిలిస్తే అక్కడ ట్రేస్ మొత్తం వస్తోంది.

మా టీమ్‌లో ఒకాయన డీఆర్‌ఎం ఎందుకు, పాత ఎఫ్‌బీడెవ్ పద్ధతిలో (ఫ్రేమ్‌బఫర్, అంటే తెర బొమ్మ ఉండే మెమరీని, నేరుగా వాడే పద్ధతి) రాసేస్తే చిన్న పనితో పోతుంది కదా అంటున్నారు. ఆ మాట నిజమేనా?

పిక్సెల్_పద్మజ

చివరి ప్రశ్న ముందు తేల్చేద్దాం. ఎఫ్‌బీడెవ్‌లో రాస్తే పని చిన్నదే, కానీ అది మెయిన్‌లైన్‌లోకి (అధికారిక కెర్నల్‌లోకి) పోదు. కొత్త ఎఫ్‌బీడెవ్ డ్రైవర్లు తీసుకోవడం ఆపి చాలా ఏళ్లయింది. ఇలాంటి చిన్న తెరల కోసమే వచ్చిన ఎఫ్‌బీటీఎఫ్‌టీ 2015లో స్టేజింగ్‌లోకి (ఇంకా పక్వానికి రాని డ్రైవర్లు ఉంచే చోటికి) వచ్చి ఇంకా అక్కడే ఉంది. దాన్ని రాసిన నోరాల్ఫ్ ట్రోనెస్ గారే 2017లో, 4.12 కెర్నల్‌లో, టైనీడీఆర్‌ఎం తెచ్చారు. ఇప్పుడు మీరు వాడుతున్న ఎంఐపీఐ డీబీఐ హెల్పర్లు (ఇలాంటి ప్యానెళ్ల కోసం కెర్నల్‌లో ఉన్న ఉమ్మడి కోడ్) దాని సంతానమే.

ఇంకో సంగతి. కమాండ్ల వరుస ఒక్కటే తేడా అయితే మీకు సొంత డ్రైవరే అక్కర్లేకపోవచ్చు. ప్యానెల్-ఎంఐపీఐ-డీబీఐ అని ఒక జెనరిక్ డ్రైవర్ ఉంది. తెర కొలతలు డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే వివరణ) ఇస్తే, ఇనిషియలైజేషన్ కమాండ్లని ఫర్మ్‌వేర్ ఫైలు నుంచి చదువుకుంటుంది. అమ్మినవాడు మూణ్ణెల్లకోసారి చిప్ మార్చినా ఆ ఫైలు మారిస్తే సరిపోతుంది.

నల్లమల_నోడ్

అది నాకు తెలియదు అక్కా, ఈ రాత్రే చూస్తాను. కానీ రంగుల సంగతి అర్థం కావాలి. చిప్ రిజిస్టర్ మ్యాడ్‌సీటీఎల్‌లో ఎరుపు-నీలం తారుమారు చేసే బిట్ మార్చి చూశాను. అక్షరాలు ఇంకో రకం ఆకుపచ్చకి మారాయి, అంతే.

పాత_కన్సోల్

తమ్ముడూ, మార్చే ముందు కాగితం మీద రాసి చూడు. కన్సోల్ మామూలు బూడిద అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ 170. దాన్ని ప్యానెల్‌కి కావలసినట్టు 5-6-5 బిట్లకి (ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5) కుదిస్తే 21, 42, 21 అవుతాయి. అంటే

10101 101010 10101

దీన్ని రెండు బైట్లుగా విడగొట్టు: 10101101, 01010101. ఇప్పుడు వాటిని ముందువెనకలు చేసి మళ్లీ 5-6-5గా చదువు:

01010 101101 01101

ఎరుపు 31కి 10, ఆకుపచ్చ 63కి 45, నీలం 31కి 13. ఆకుపచ్చదే పైచేయి. నలుపంటే అన్నీ సున్నాలు, మెరుపు తెలుపంటే అన్నీ ఒకట్లు. బైట్లు ఎటు తిప్పినా అవి మారవు. నువ్వు చెప్పిన లక్షణాలు అక్షరం పొల్లుపోకుండా ఇవే.

ఎరుపు-నీలం తారుమారే అయితే బూడిద బూడిదగానే ఉండాలి, ఎందుకంటే రెండు పక్కలా 21 ఉంది. ఆ జబ్బుకి లక్షణం వేరే: ఎల్ఎస్ కొట్టినప్పుడు నీలంగా రావలసిన డైరెక్టరీ పేర్లు ఎర్రగా వస్తాయి. కాబట్టి ఆ బిట్‌ని ముట్టుకోకు. ఎస్‌పీఐకి పంపే చోట బైట్ల వరుస చూడు. ప్యానెల్‌కి పెద్ద బైటు ముందు కావాలి, నీ ప్రాసెసర్ చిన్న బైటు ముందు దాచుకుంటుంది.

పిక్సెల్_పద్మజ

నిజానికి హెల్పర్ దీన్ని తనే చూసుకోవాలి. ఎస్‌పీఐ కంట్రోలర్ 16 బిట్ల పదాలు పంపలేకపోతే స్వాప్ బైట్స్ ఫ్లాగ్ అదే పెట్టుకుంటుంది. మీరు పిక్సెల్ మార్పిడి సొంతంగా రాశారా?

నల్లమల_నోడ్

రాశానక్కా. డీఎంఏ బఫర్‌లోకి (ప్రాసెసర్ సాయం లేకుండా హార్డ్‌వేర్ చదువుకునే మెమరీలోకి) నేరుగా మార్చేస్తే ఒక కాపీ మిగులుతుందని. ఇప్పుడది తీసేసి హెల్పర్‌కే వదిలేశాను. బూడిద బూడిదగా వచ్చింది, డైరెక్టరీలు నీలంగా ఉన్నాయి. పాత_కన్సోల్ గారూ, ఆ బిట్ల లెక్క ప్రింట్ తీసి గోడకి అంటించాను.

ఇక వేగం సంగతి. ఈ చిప్‌లో హార్డ్‌వేర్ స్క్రోల్ కమాండ్ ఉంది. దాన్ని కన్సోల్‌కి తగిలించవచ్చా?

డల్లాస్_డీబగ్

ముందు లెక్క చూద్దాం. 320×240, పిక్సెల్‌కి రెండు బైట్లు. ఒక తెర 1,53,600 బైట్లు. 32 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో బిట్టూ వెళ్లి ఆ తెర పూర్తవడానికి దాదాపు 38 మిల్లీసెకన్లు. అంటే సెకనుకి 26 తెరలు, అదీ మధ్యలో ఇంకేమీ అడ్డురాకపోతే. డీమెసేజ్‌లో ఒక వరుస జరిగినా తెర మొత్తం మారినట్టే. కాబట్టి కుదుపు వైరు పుణ్యం, మీ కోడ్‌ది కాదు.

ఒక్క అక్షరం మారితే 8×16 గడి, 256 బైట్లు. అది కనురెప్ప పాటు కూడా పట్టదు. కానీ ఇక్కడో చిక్కుంది. ఎఫ్‌బీకాన్ (టెక్స్ట్ కన్సోల్‌ని గీసే కెర్నల్ కోడ్) నేరుగా ప్యానెల్ మీద గీయదు. షాడో బఫర్‌లో (మెమరీలో ఉండే తెర నకలులో) గీస్తుంది, మారిన చోటు ఒక దీర్ఘచతురస్రంగా గుర్తు పెట్టుకుంటుంది, తర్వాత ఎప్పుడో ఒక వర్కర్ (వెనక నడిచే కెర్నల్ పని) దాన్ని ప్యానెల్‌కి పంపుతుంది. ఆ దీర్ఘచతురస్రం ఒక్కటే. ఎడమ కింద కర్సర్ మిణుకుమంటోంది, కుడి పైన మీ ప్రోగ్రామ్ గడియారం రాస్తోంది అనుకోండి. రెండింటినీ కలిపే దీర్ఘచతురస్రం అంటే తెర మొత్తం. రెండు అక్షరాల కోసం లక్షన్నర బైట్లు! మీ బాక్సులో అలాంటి గడియారం ఉంటే దాన్ని కర్సర్ వరుసలోకి దించండి, లేదా కర్సర్ మిణుకు ఆపేయండి.

పిక్సెల్_పద్మజ

హార్డ్‌వేర్ స్క్రోల్ వద్దు. ఆ కమాండ్ 320 వరుసల దిశలోనే పనిచేస్తుంది. మీరు తెరని అడ్డంగా తిప్పి వాడుతున్నారు కాబట్టి అక్షరాలు కిందకి కాక పక్కకి జరుగుతాయి. పైగా కేఎంఎస్‌లో (డీఆర్‌ఎంలో తెర మోడ్ పెట్టే భాగం) దాన్ని అడగడానికి దారే లేదు.

ఎఫ్‌బీకాన్‌లో స్క్రోల్ యాక్సిలరేషన్ మీద జరిగిన రభస తెలిసే ఉంటుంది. వాడేవాళ్లు లేరని ఆ కోడ్‌ని పీకేశారు. 2022 జనవరిలో హెల్గే డెల్లర్ గారు ఎఫ్‌బీడెవ్ మెయింటెయినర్‌గా వచ్చి, పాత మెషీన్లలో కన్సోల్ నత్తనడక నడుస్తోందని దాన్ని వెనక్కి తెచ్చారు. చివరికి అది లెగసీ అని పేరున్న ఒక కన్ఫిగ్ ఆప్షన్ కింద మిగిలింది. డీఆర్‌ఎం డ్రైవర్లకి దానితో పనిలేదు.

పాత_కన్సోల్

పనిలేదని తేలిగ్గా అనేస్తారు గానీ, షిఫ్ట్ పేజ్‌అప్ కొడితే వెనకటి వరుసలు కనిపించే రోజులు నాకింకా గుర్తు. 2020 సెప్టెంబర్‌లో లైనస్ ఆ సాఫ్ట్ స్క్రోల్‌బ్యాక్ కోడ్‌ని తీసేశాడు, 5.9 నుంచి లేదు. బూట్ మధ్యలో ఆగిపోతే పైన ఏం పోయిందో చూసే దారి పోయింది. ఎవడికి అడ్డొచ్చిందో?

పిక్సెల్_పద్మజ

అడ్డొచ్చింది గురువుగారూ. అందులో బఫర్ హద్దు దాటి రాసే సెక్యూరిటీ బగ్ బయటపడింది. సరిచేసి చూసుకోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. చూసేవాళ్లు లేని కోడ్ కెర్నల్ మధ్యలో, అదీ యూజర్ టైప్ చేసినదంతా దాటిపోయే చోట కూర్చోవడం మంచిది కాదు. నాకూ ఆ ఫీచర్ ఇష్టమే. అయినా తీసేయడమే సబబు అంటాను.

పాత_కన్సోల్

సబబే కావచ్చు. నాకు నచ్చలేదు. ఈ విషయంలో నేను మారను :)

చిరు_కెర్నల్

బీటెక్ మూడో సంవత్సరం. అడ్డొస్తున్నందుకు సారీ. వీజీఏ టెక్స్ట్ మోడ్‌లో అయితే బీ8000 అడ్రస్‌లో ఒక బైటు అక్షరం, ఒక బైటు రంగు రాస్తే తెర మీద కనబడేది కదా. 80×25, మొత్తం 4000 బైట్లు. మా ల్యాబ్‌లో చిన్న ఓఎస్ రాస్తే అదే చేశాం. దాన్నొదిలి ఇన్ని పొరలు ఎందుకు?

పాత_కన్సోల్

నీ ల్యాబ్ ఓఎస్‌కి అదే బెస్ట్, మార్చకు. కానీ యూఈఎఫ్‌ఐతో బూటయ్యే మెషీన్‌లో టెక్స్ట్ మోడ్ దొరుకుతుందన్న భరోసా లేదు, ఆర్మ్ బోర్డుల్లో వీజీఏనే ఉండదు. ఫర్మ్‌వేర్ ఒక ఫ్రేమ్‌బఫర్ చేతిలో పెట్టి పోతుంది, అక్షరాల ఆకారాలు కెర్నలే గీసుకోవాలి.

అంతకన్నా పెద్ద కారణం, తెర ఎవరి చేతిలో ఉందన్నది. ఒకప్పుడు గ్రాఫిక్స్ మోడ్ పెట్టేది కెర్నల్ కాదు, కెర్నల్ బయట నడిచే ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రామ్. రూట్‌గా నడుస్తూ కార్డు రిజిస్టర్లని తనే తడిమేది. అది చచ్చిందంటే కార్డు ఏ మోడ్‌లో ఉందో కెర్నల్‌కి తెలియదు. కన్సోల్‌కి వెళ్తే రంగుల చెత్త. కెర్నల్ బతికే ఉన్నా మనిషి కంటికి చచ్చినట్టే. 90లలో జీజీఐ ప్రాజెక్టు వాళ్లు కేజీఐ పేరుతో ఈ పని కెర్నల్‌లోకే తెద్దామన్నారు. లినక్స్‌లోకి రానివ్వలేదు. 2009లో 2.6.29తో ఇంటెల్ చిప్‌లకి కేఎంఎస్ వచ్చినప్పుడు ఆ మాటే వేరే రూపంలో నిజమైంది.

బీఎస్‌డీ_భీమిలి

ఫ్రీబీఎస్‌డీలో మేం దీన్ని ఇంకో రకంగా అనుభవించాం. కేఎంఎస్ డ్రైవర్లు లినక్స్ నుంచి తెచ్చుకున్నాం. కానీ కన్సోల్ పాత సిస్‌కాన్స్, దానికి కేఎంఎస్ అంటే ఏంటో తెలియదు. ఒకసారి ఎక్స్ మొదలైతే మళ్లీ టెక్స్ట్ కన్సోల్‌కి వెనక్కి రాలేకపోయేవాళ్లం. బ్లైండ్‌గా లాగిన్ పేరు, పాస్‌వర్డ్, రీబూట్ అని టైప్ చేసుకునే పరిస్థితి.

దాంతో న్యూకాన్స్ అని మొదలైన వీటీ అనే కొత్త కన్సోల్ అవసరం పడింది. 11.0 నుంచి అదే డిఫాల్ట్. నాకు దాని డిజైన్ ఇష్టం. వెనక ఉండే డ్రైవర్‌కి ఇనిషియలైజ్ చేయడం, తెర తుడవడం, పిక్సెల్ పెట్టడం, టెక్స్ట్ ముక్క గీయడం, ఇలాంటి కొద్ది ఫంక్షన్లు చాలు. ప్రతి డ్రైవర్‌కీ ఒక ప్రయారిటీ ఉంటుంది. బూట్‌లో ఈఎఫ్‌ఐ ఫ్రేమ్‌బఫర్ గీస్తూ ఉంటుంది, ఎక్కువ ప్రయారిటీ ఉన్నది రాగానే తెర దాని చేతికి పోతుంది. లాగు ఆగదు.

డల్లాస్_డీబగ్

లినక్స్‌లో ఆ పని ఇప్పుడు సింపుల్‌డీఆర్‌ఎం చేస్తోంది, 5.14 నుంచి ఉంది. ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫర్‌నే డీఆర్‌ఎం పరికరంలా చూపిస్తుంది, అసలు డ్రైవర్ రాగానే తప్పుకుంటుంది. చేతులు మారే ఆ క్షణంలో అసలు డ్రైవర్ ప్రోబ్ (పరికరాన్ని సిద్ధం చేసుకునే దశ) ఫెయిలైతే మాత్రం పాతదీ పోయి, కొత్తదీ రాక నల్లతెరే గతి. డ్రైవర్ రాసేవాళ్లు క్లాకులు, రెగ్యులేటర్లు వగైరా ఫెయిలయ్యే అవకాశం ఉన్నవన్నీ ముందు అడిగి తెచ్చుకుని, ఆ తర్వాతే పాతదాన్ని తప్పించాలి. చాలామంది ఉల్టా చేస్తారు.

ఇంకోటి, కన్సోల్ రిజిస్టర్ అయ్యేటప్పుడు కన్సోల్ లాక్ పట్టుకుని ఉంటుంది. అప్పుడే మీ మోడ్‌సెట్ కోడ్ ఇరుక్కుంటే ఆ సంగతి చెప్పే ప్రింట్‌కే (కెర్నల్ లాగు మెసేజ్) కూడా బయటికి రాదు. లాక్ లేకుండా రిజిస్టర్ చేసే బూట్ పారామీటర్ ఎఫ్‌బీ మాడ్యూల్‌లో ఉంది. డీబగ్గింగ్‌కి మాత్రమే, ప్రొడక్షన్‌లో పెట్టకండి.

నల్లమల_నోడ్

ఇవన్నీ బంగారం. కానీ నా మూడో సమస్య అలాగే ఉంది. పానిక్ తెర మీద ఎందుకు రావట్లేదు?

పిక్సెల్_పద్మజ

డల్లాస్ గారు పైన చెప్పిన వర్కర్ గుర్తుందా? జవాబు అక్కడే ఉంది.

పానిక్ అయినప్పుడు ప్రింట్‌కే తన పని చేస్తుంది. ఎఫ్‌బీకాన్ కూడా అక్షరాలు గీస్తుంది, కానీ షాడో బఫర్‌లో. దాన్ని ప్యానెల్‌కి మోసే వర్కర్ నడవాలంటే షెడ్యూలర్ బతికి ఉండాలి. పానిక్‌లో మిగతా సీపీయూలు ఆపేసి ఉంటాయి, ఉన్న ఒక్కటీ పానిక్ ఫంక్షన్‌లోంచి బయటికి రాదు. మెసేజ్ మెమరీలో పూర్తిగా తయారై ఉంటుంది, మోసేవాడే లేడు. మీకు పాత వరుసలు కనిపించేది అందుకే. సీరియల్ డ్రైవర్ అయితే పోర్టు రిజిస్టర్‌లో ఒక్కో బైటూ తనే నెట్టి, ఖాళీ అయ్యేదాకా లూప్‌లో చూస్తుంది. దానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

దీనికోసమే 6.10లో డీఆర్‌ఎం పానిక్ వచ్చింది, జోసెలిన్ ఫలెంపె గారి పని. ఎఫ్‌బీకాన్‌తో సంబంధం లేకుండా, ప్రస్తుతం తెరకి వెళ్తున్న బఫర్ ఎక్కడుందో డ్రైవర్‌ని అడిగి, అందులో నేరుగా గీసేస్తుంది. 6.12లో లాగుని క్యూఆర్ కోడ్‌గా చూపించే సదుపాయమూ కలిసింది, ఆ ముక్క రస్ట్‌లో రాశారు. ఫోన్‌తో ఫొటో తీస్తే ట్రేస్ చేతికొస్తుంది. సింపుల్‌డీఆర్‌ఎం, ఏఎస్‌టీ, ఎంజీఏజీ200 లాంటి డ్రైవర్లకి మొదటి నుంచీ సపోర్ట్ ఉంది.

మీ ప్యానెల్‌కి మాత్రం అది కుదరడం కష్టం. అక్కడ బఫర్‌లో రాస్తే సరిపోదు, ఎస్‌పీఐ మీద పంపాలి. ఎస్‌పీఐ సింక్ కాల్ నిద్రపోతుంది, డీఎంఏ ఇంటరప్ట్ కోసం చూస్తుంది. పానిక్‌లో నిద్ర నిషిద్ధం. పైగా పడిపోయిన క్షణంలో ఆ బస్సు మీద ఇంకో పరికరం లావాదేవీ సగంలో ఉండొచ్చు, దాని లాక్ ఎవరి చేతిలో ఉందో తెలియదు.

నల్లమల_నోడ్

పోలింగ్‌తో ఒక చిన్న ఎస్‌పీఐ రొటీన్ రాసి, లాక్‌లు పట్టించుకోకుండా 38 మిల్లీసెకన్లు కూర్చుని పంపేస్తే?

పిక్సెల్_పద్మజ

మీ బోర్డులో, మీ కంట్రోలర్‌తో పనిచేస్తుంది. ఆఫీసు ట్రీలో ఉంచుకోవచ్చు. మెయిన్‌లైన్‌కి పంపితే ఎస్‌పీఐ మెయింటెయినర్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం. డిస్‌ప్లే డ్రైవర్ ఎస్‌పీఐ కంట్రోలర్ రిజిస్టర్లలో చెయ్యి పెట్టడమంటే మళ్లీ ఎక్స్ సర్వర్ కాలానికి వెళ్లడమే.

డల్లాస్_డీబగ్

నా సలహా: పానిక్‌ని ఆ తెర మీద చూపించాలన్న పట్టుదల వదిలేయండి, కానీ పానిక్ ఎక్కడో ఒకచోట మిగలాలి. రామూప్స్ పెట్టండి. ర్యామ్‌లో కొంచెం చోటు డివైస్ ట్రీలో రిజర్వ్ చేస్తే పీస్టోర్ (పడిపోయినప్పటి లాగుని రీబూట్ దాకా దాచే కెర్నల్ సదుపాయం) చివరి లాగుని అక్కడ రాస్తుంది. వాచ్‌డాగ్ (ఆగిపోయిన సిస్టమ్‌ని మళ్లీ మొదలుపెట్టే టైమర్) రీబూట్ చేశాక పీస్టోర్‌ని మౌంట్ చేసి చూస్తే ఫైలుగా కనిపిస్తుంది. కరెంటు పూర్తిగా పోతే పోయింది, మామూలు రీబూట్‌కి చాలా బోర్డుల్లో నిలుస్తుంది. బూట్‌లోడర్ ఆ చోటుని తుడిచేయకుండా చూసుకోండి. మా దగ్గర ఒక వెండర్ ఇచ్చిన బూట్‌లోడర్ ప్రతిసారీ ర్యామ్ టెస్ట్ పేరుతో దాన్ని శుభ్రం చేసేది. అది పట్టుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

తర్వాత బూట్‌లో మీ అప్లికేషన్ ఆ ఫైలు చూసి 'పోయినసారి పడిపోయాను, కారణం ఇది' అని మీ చిన్న తెర మీద చూపిస్తే సరి. ఫ్యాక్టరీలో మనిషికి కావలసింది అదే.

నల్లమల_నోడ్

ఇది బావుంది. రిజర్వ్ మెమరీ నోడ్ పెట్టి, సిస్‌ఆర్‌క్యూలో సీ కొట్టాను. రీబూట్ అయ్యాక ఫైలు ఉంది, ట్రేస్ మొత్తం ఉంది. మా బూట్‌లోడర్ బుద్ధిమంతుడే.

ఒత్తు_పొల్లు

ఆలస్యంగా వచ్చాను. ఆ 'పోయినసారి పడిపోయాను' అన్న వాక్యం తెలుగులో చూపించాలంటే కన్సోల్‌లో కుదురుతుందా? ఆపరేటర్లు తెలుగు చదివేవాళ్లే అనుకుంటున్నాను.

పాత_కన్సోల్

కుదరదు నాయనా. లినక్స్ టెక్స్ట్ కన్సోల్ అంటే గళ్ల పలక. ఒక గడికి ఒక గ్లిఫ్ (అక్షరం ఆకారం). ఫాంట్‌లో 256 లేదా 512 గ్లిఫ్‌లు, అంతకు మించి పట్టవు. వీజీఏలో ఆ 512 కావాలన్నా రంగులో ఒక బిట్ వదులుకోవాలి.

512లో తెలుగు సర్దేయవచ్చు అనుకుందాం. అయినా 'స్త్రీ' తీసుకో. కోడ్‌పాయింట్లు ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. చూసేవాడికి అది ఒక్క అక్షరం, కింద తకారం, ఎడమనో కిందనో రకారం, నెత్తిన గుడి. వీటిని ఎక్కడ ఎలా కలపాలో తేల్చేది హార్ఫ్‌బజ్ లాంటి షేపింగ్ ఇంజిన్. దాన్ని కెర్నల్‌లో ఎవరూ పెట్టరు, పెట్టకూడదు కూడా.

ఒత్తు_పొల్లు

అందుకేనేమో డెబియన్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు గ్రాఫికల్ మోడ్‌లో మాత్రమే దొరుకుతుంది, టెక్స్ట్ మోడ్ జాబితాలో ఉండదు. కేఎంఎస్‌కాన్ ఏమైనా పనికొస్తుందా?

పిక్సెల్_పద్మజ

కేఎంఎస్‌కాన్ కన్సోల్‌ని యూజర్‌స్పేస్‌లోకి తెచ్చింది, పాంగో అనే టెక్స్ట్ లైబ్రరీతో అక్షరాలు గీయగలదు. 512 గొడవ పోతుంది. గళ్ల లెక్క పోదు, కాబట్టి ఒత్తులు సరిగ్గా కూర్చుంటాయన్న నమ్మకం లేదు. ఈ బాక్సుకి అది కూడా ఎక్కువే. కెర్నల్ కన్సోల్‌ని ఇంగ్లీషులోనే, ఇంజనీర్ కోసం వదిలేసి, ఆపరేటర్‌కి చూపించే తెలుగు వాక్యాన్ని అప్లికేషన్‌లో హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్‌తో గీసి, డీఆర్‌ఎం డంబ్ బఫర్‌లో (యాక్సిలరేషన్ లేని మామూలు పిక్సెల్ మెమరీలో) పెట్టండి. నాలుగైదు వాక్యాలే అయితే ముందే బొమ్మలుగా తయారుచేసి పెట్టుకున్నా ఫర్వాలేదు.

చిరు_కెర్నల్

ఇవన్నీ ప్రయత్నించాలంటే బోర్డు కొనాలా?

డల్లాస్_డీబగ్

అక్కర్లేదు. క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో స్టాండర్డ్ వీజీఏ పెట్టి బూట్ చెయ్, బాక్స్ (bochs) అనే డీఆర్‌ఎం డ్రైవర్ లోడవుతుంది. సీరియల్‌ని నీ టెర్మినల్‌కి కలుపుకో, తెర నల్లబడ్డా లాగు కనబడుతుంది. ఆ డ్రైవర్ కోడ్ చిన్నది, పూర్తిగా చదవొచ్చు. రంగుల తేడా తెలియాలంటే పాత_కన్సోల్ గారి బూడిద లెక్కని ప్రోగ్రామ్‌గా రాసి, బైట్లు తిప్పి నువ్వే చూడు.

నల్లమల_నోడ్

జెనరిక్ డ్రైవర్‌తో ప్రయత్నించాను. మా క్లోన్ చిప్ కమాండ్లని ఫర్మ్‌వేర్ ఫైలుగా చేసి పెడితే తెర వెలిగింది. సొంత డ్రైవర్ పక్కన పెట్టేశాను, ఎఫ్‌బీడెవ్ మాట ఎత్తిన ఆయనకి కూడా చూపించాను. ఫాంట్ 6×8 పెట్టాను. అడ్డంగా 53 అక్షరాలు, 30 వరుసలు వస్తున్నాయి. 4×6 అయితే 80 వరకు పడతాయి గానీ చదవాలంటే భూతద్దం కావాలి. ఇప్పుడు పైకి పంపాల్సింది డివైస్ ట్రీ బైండింగ్‌లో (డివైస్ ట్రీలో ఏది ఎలా రాయాలో చెప్పే పత్రం) మా ప్యానెల్ పేరు ఒక్కటే అనుకుంటా. బోర్డు ఫైలుతో కలిపి ఒకే ప్యాచ్‌గా పంపనా?

పిక్సెల్_పద్మజ

విడిగా పంపండి, బైండింగ్ మొదటి ప్యాచ్, బోర్డు ఫైలు రెండోది. వెండర్ ప్రిఫిక్స్ జాబితాలో ఆ తయారీదారు లేకపోతే దానికింకో ప్యాచ్, అన్నిటికంటే ముందు. పంపేముందు బైండింగ్ చెక్ నడపండి. డీఆర్‌ఐ-డెవెల్ మెయిలింగ్ లిస్టుతో పాటు డివైస్ ట్రీ లిస్టుకి కూడా కాపీ పెట్టండి, లేకపోతే ఎవరూ చూడరు.